బకింగ్‌హామ్ కాలువ, కొమ్మమూరు కాలువ, ఏలూరు కాలువ: మళ్లీ ఒకే నీటి దారి చేయగలమా?

కాలువగట్టు:
అందరికీ నమస్కారం. మాది చిన్నగంజాం పక్కన ఒక పల్లె, ఉద్యోగం హైదరాబాద్‌లో. పోయిన వారం ఊరికి వెళ్లినప్పుడు పొద్దున్నే బకింగ్‌హామ్ కాలువ గట్టు మీద రెండు గంటలు నడిచాను. కొన్నిచోట్ల నిండా నీళ్లున్నాయి, కొన్నిచోట్ల మోకాలి లోతు బురద, ఒకచోట అయితే కాలువను అడ్డంగా పూడ్చి మట్టి రోడ్డు వేసుకున్నారు, కింద ఒక్క తూము కూడా లేదు. మా తాత ఇక్కడి కొఠార్లలో ఉప్పు బస్తాలు మోసి పడవలకు ఎత్తిన మనిషి. మా ఊరి నుంచి మద్రాసుకు నీళ్ల మీదే పోవచ్చని ఆయన చెబితే చిన్నప్పుడు నమ్మేవాళ్లం కాదు.

తర్వాత చదివితే తెలిసింది, ఒక్క మద్రాసేమిటి, కాకినాడ నుంచి పుదుచ్చేరి దగ్గరి దాకా ఒకటే నీటి దారి ఉండేదట. కాకినాడ కాలువలో ధవళేశ్వరం, గోదావరి దాటి విజ్జేశ్వరం, అక్కణ్ణుంచి ఏలూరు కాలువలో బెజవాడ, కృష్ణ దాటి దుగ్గిరాల, కొమ్మమూరు కాలువలో పెదగంజాం, అక్కడ నుంచి బకింగ్‌హామ్. ఇవన్నీ ఇప్పటికీ నేల మీద ఉన్నాయి, ఎవరూ కొత్తగా తవ్వక్కర్లేదు. కానీ ఒకదానికొకటి తెగిపోయి ముక్కలుగా పడున్నాయి. 2008లో కేంద్రం దీన్నే 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించింది, గోదావరి, కృష్ణ నదుల భాగాలతో కలిపి 1,078 కిలోమీటర్లు. 2016 చట్టంలో దాన్ని 2,890 కిలోమీటర్లకు పెంచారు. 2017 అక్టోబర్ 3న ముక్త్యాల–విజయవాడ 82 కిలోమీటర్లకు శంకుస్థాపన కూడా జరిగింది. అది నది మీద పని. నేను అడుగుతున్నది ఈ కాలువల సంగతి. సరుకు పడవలు వస్తాయా రావా అన్నది తర్వాత చూద్దాం, ముందు నీళ్లను నీళ్లతో కలపడం సాధ్యమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, దయచేసి.

లాకుల దగ్గర:
బాబూ, నేను నీటిపారుదలలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ణి. డెల్టా కాలువల మీద చాలా ఏళ్లు తిరిగాను కాబట్టి తెలిసింది చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. నువ్వు చెప్పిన దారిలో రెండు రకాల కాలువలున్నాయి. కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు కాలువలు మంచినీళ్లవి, ఆనకట్ట నుంచి పొలాలకు పోయేవి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852కి ముగించాడు, బెజవాడ ఆనకట్ట 1855కి అయింది. ఆయన మొదటి నుంచీ కాలువంటే సాగుకూ పడవకూ రెండింటికీ అనే అనుకున్నాడు, అందుకే నీటి మట్టం పడే ప్రతిచోటా లాకులు, అంటే పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గదులు, కట్టించారు. పెదగంజాం దాటితే కథ వేరు. బకింగ్‌హామ్ ఉప్పునీళ్ల కాలువ. సముద్రానికి కిలోమీటరు అటూ ఇటూగా తీరం వెంబడే పోతుంది. దానికి నీళ్లిచ్చేది ఆనకట్ట కాదు, ఆటుపోట్లు. సముద్రపు మొగలు, అంటే నీళ్లు సముద్రంలో కలిసే నోళ్లు, తెరిచి ఉంటే పోటుకు నీళ్లెక్కుతాయి, మొగ పూడితే కాలువ చచ్చిపోయినట్టే.

ఇంకొకటి, పెన్నా, గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు, స్వర్ణముఖి, ఇవన్నీ ఈ కాలువకు అడ్డంగా వస్తాయి. పైనుంచి అక్విడక్ట్ (కాలువను మోసే వంతెన) కట్టి దాటించలేదు, నది మట్టంలోనే దాటించారు. నదికి ఈ గట్టున ఒక లాకు, ఆ గట్టున ఒక లాకు. నదికి వరద వస్తే రెండు వైపులా తలుపులు మూసేస్తారు, ఒండ్రు కాలువలోకి రాదు. తలుపులు పాడైపోయి మూసే దిక్కు లేనప్పుడు ఏమవుతుంది? ప్రతి వరదకూ నది తన మట్టిని తెచ్చి కాలువ నోట్లో పోసి పోతుంది. నీకు మోకాలి లోతు బురద కనబడిందన్నావే, అది ఇదే అయ్యుంటుంది. 1965, 66 తుపాన్లకు బాగా దెబ్బ తింది, ఆ తర్వాత పూర్తిగా బాగుచేసింది లేదు. అప్పటికే రైలూ లారీ వచ్చేశాయి, అడిగేవాళ్లు లేరు.

కాబట్టి పూడిక తీస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. తలుపులు పెట్టకుండా పూడిక తీయడమంటే రెండు వరదల పాటు మురిపెం, అంతే.

కాలువగట్టు:
చాలా థాంక్సండీ. నేను పూడిక గురించే ఆలోచిస్తున్నాను, తలుపుల సంగతి అసలు తట్టలేదు. మంచినీళ్ల భాగంలో లాకులు ఎలా ఉన్నాయి సార్?

లాకుల దగ్గర:
కొన్నిచోట్ల రాతి కట్టడం ఇప్పటికీ బాగుంది. ఆ రాయి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. తలుపులు ఒకప్పుడు టేకువి, రెండు రెక్కలు, మూసినప్పుడు పై నీళ్ల వైపు కోణంగా ముక్కు పెట్టినట్టు ఉంటాయి, నీళ్లెంత నెడితే అంత బిగుస్తాయి. తర్వాత చాలాచోట్ల పడవలు లేవు కదా అని తలుపులు పీకేసి పైకెత్తే షట్టర్లు పెట్టారు, ఇంకొన్నిచోట్ల లాకు గదిలో అడ్డంగా గోడే కట్టేశారు. సాగుకు అది చాలు. పడవకు దారి పోయింది.

పర్చూరు చివరి భూమి:
నేను రైతుని. కొమ్మమూరు కాలువ చివరి భూములు మావి. మీరందరూ మంచి మనసుతోనే మాట్లాడుతున్నారు, కాదనను. కానీ మాకు ఆగస్టులో నాట్లకు నీళ్లు రావడమే గగనం. వంతులవారీ పెడితే మా వంతు వచ్చేసరికి కాలువ అడుగు కనబడుతుంది. ఇప్పుడు పడవలకని కాలువలో ఎప్పుడూ నిండా నీళ్లు నిలబెట్టాలంటే ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? లాకు తీసినప్పుడల్లా నీళ్లు కిందికి పోతాయి కదా, చివరికి ఉప్పుకాలువలో కలిసిపోతాయి. మా వాటాలోంచేనా? పడవ అలలకు మట్టి గట్టు కోసుకుపోతే గండి పడేది మా పొలంలోకే. ముందు దీనికి జవాబు చెప్పండి.

లాకుల దగ్గర:
అడగవలసిన ప్రశ్న అడిగారు. లెక్క వేసి చూపిస్తాను. ఒక లాకు గది 40 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, పైకీ కిందికీ నీటి తేడా మీటరున్నర అనుకోండి. ఒక్కసారి పడవ దాటితే కిందికి పోయేది 360 ఘనపు మీటర్లు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే 2,447 ఘనపు మీటర్లు. అంటే రోజుకు 20 సార్లు లాకు తీసినా 7,200 ఘనపు మీటర్లు, మూడు క్యూసెక్కుల లోపే. ఆ నీళ్లు కూడా కింది లాకు దాకా కాలువలోనే ఉంటాయి, మధ్యలో తూములకు అందుతాయి. నిజంగా పోయేది చివరి లాకు దగ్గర ఉప్పునీళ్లలో కలిసేదే.

అయితే మీ అసలు భయం లోతు గురించి, అది నిజమైన భయం. సాగు కాలువలో మట్టం రోజుకో రకంగా ఉంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాలువలకు నీళ్లు కట్టేస్తాం, అప్పుడు పడవ నడవదు. పాత రోజుల్లోనూ కాలువలు కట్టేసినప్పుడు పడవలు ఆగిపోయేవి, దానికి తగ్గట్టే సరుకు సర్దుకునేవాళ్లు. ఏడాది పొడుగునా నడవాలని మొండికేస్తే రైతుతో గొడవ తప్పదు. సాగుకు నీళ్లు వదిలిన నెలల్లో నడిస్తే చాలు అనుకుంటే గొడవ లేదు. అలల సంగతికి వేగం మీద కట్టడి పెట్టాలి, గట్టుకు రాతి తాపడం వేయాలి. రాతి తాపడం వేస్తే పడవ ఉన్నా లేకపోయినా చివరి భూమికి నీళ్లు త్వరగా చేరతాయి, ఇది నేను కళ్లారా చూసిన మాట.

పర్చూరు చివరి భూమి:
మూడు క్యూసెక్కులంటే సరే, అంత తక్కువ అనుకోలేదు. కానీ ఇది కాగితం మీద రాసి ఇవ్వాలి. మాటలు చాలా విన్నాం.

గ్లాస్గో తెలుగు:
మాది తణుకు, పదేళ్లుగా స్కాట్లాండ్‌లో ఉంటున్నాను. ఇది చదువుతుంటే ఇక్కడ జరిగింది చెప్పాలనిపించింది. ఇక్కడ ఫోర్త్ అండ్ క్లైడ్ అని ఒక కాలువ, యూనియన్ కెనాల్ అని ఇంకొకటి. రెండూ ఫాల్కిర్క్ అనే ఊళ్లో 11 లాకుల మెట్లతో కలిసేవి. 1933లో ఆ లాకులు తీసేశారు. 1963లో పెద్ద కాలువనే మూసేశారు, దాని మీద రోడ్లు పడ్డాయి, కొన్నిచోట్ల గొట్టంలోకి తోశారు. అచ్చం మన కథే. 2002లో మళ్లీ కలిపారు, 84.5 మిలియన్ పౌండ్లు ఖర్చు. పోయిన లాకుల చోట ఒక పెద్ద చక్రం పెట్టారు, ఫాల్కిర్క్ వీల్ అంటారు, రెండు తొట్లలో నీళ్లతో సహా పడవల్ని 24 మీటర్లు ఎత్తి దించుతుంది. రెండు తొట్ల బరువూ సమానం కాబట్టి తిప్పడానికి కరెంటు చాలా తక్కువే పడుతుంది. మా అమ్మానాన్న వచ్చినప్పుడు తీసుకెళ్తే నాన్న ఆ తొట్టిలో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మన గోస్తనీ కాలువ కూడా ఇలా ఉంటే బాగుండు అన్నారు.

నేను గమనించింది ఏంటంటే, ఇక్కడ కూడా చాలా ఏళ్లు మొత్తం కాలువ కాకుండా ముక్క ముక్కగా బాగుచేశారు. ఒక్క మైలు తెరిస్తే జనం అక్కడ నడవడం మొదలుపెడతారు, తర్వాత పక్క మైలు గురించి వాళ్లే అడుగుతారు. సరుకు రవాణా కోసం కాదు, నడక, సైకిలు, చిన్న పడవలు, ఇవే.

కాలువగట్టు:
బాగా చెప్పావు తమ్ముడూ. కాకపోతే అక్కడి విహారం డబ్బులతో ఇక్కడ లెక్క కుదరదేమో. మన తీరం ఊళ్లకు ముందు కావలసింది వేరు. వాన కురిస్తే నీళ్లు పోయే దారి, ఉప్పెన వస్తే తట్టుకునే గొయ్యి. 2004 డిసెంబర్ 26 సునామీ రోజున పెదగంజాం నుంచి చెన్నై దాకా దాదాపు 310 కిలోమీటర్ల తీరంలో ఈ కాలువే అలల నీళ్లను పట్టుకుందని తర్వాత పరిశీలించినవాళ్లు రాశారు. కాలువ నిండి, కొన్నిచోట్ల పొర్లి, పది పదిహేను నిమిషాల్లో నీళ్లు వెనక్కి సముద్రంలోకి పోయాయట. పూడిపోయిన కాలువే అంత పని చేసింది.

పులికాట్ రేవు:
అన్నా, ఆ రోజు నేను ఉన్నాను. మాది సూళ్లూరుపేట వైపు చేపల ఊరు, అప్పుడు నాకు పదమూడేళ్లు. నీళ్లు కాలువ దాకా వచ్చి అక్కడ ఆగినట్టు ఆగి పొర్లాయి. మా వాళ్లు పరిగెత్తడానికి ఆ కాస్త టైము దొరికింది. కాలువ లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మా వైపు సంగతి చెబుతాను. కాలువ పులికాట్ సరస్సులోనే శ్రీహరికోట వారగా పోతుంది. ఒకప్పుడు శ్రీహరికోట సరుగుడు కట్టెలన్నీ పడవల మీద మద్రాసు పొయ్యిల్లోకి పోయేవని పెద్దోళ్లు చెబుతారు. ఇప్పుడు మా బాధ మొగ. రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి సముద్రం నీళ్లు సరస్సులోకి రావు. నీళ్లు రాకపోతే రొయ్య పిల్ల రాదు, చేప రాదు. ఎండాకాలం సరస్సు ఎండి ఉప్పు తేలుతుంది. లాకుల సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, మొగ తెరవకుండా కాలువ తవ్వితే ఖాళీ గొయ్యే.

ఒక మనవి. పూడిక తీసేటప్పుడు ఆ బురద ఎక్కడ పోస్తారో ముందే చెప్పాలి. మడ చెట్ల మీద పోస్తే మా రొయ్య పిల్లకు నీడ పోతుంది. రొయ్యల చెరువులవాళ్లు వాడిన నీళ్లు కాలువలోకే వదులుతున్నారు, గట్టు కలిపేసుకుని చెరువులు పెంచుకున్నారు. పెద్దవాళ్ల చెరువు జోలికి పోకుండా మా వలలు మాత్రం తీయమంటే ఒప్పుకోము.

చెన్నై తెలుగువాడు:
ఉదయం నుంచి చదువుతున్నాను. చెన్నైలో పుట్టి పెరిగాను, కాలువ పుట్టింది కూడా ఇక్కడే కాబట్టి రెండు మాటలు. 1806లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరుకు 11 మైళ్లు తవ్వించాడు, తర్వాత ప్రభుత్వం తీసుకుని పులికాట్ దాకా, దుగరాజపట్నం దాకా, కృష్ణపట్నం దాకా, అలా 1876కి పెదగంజాం చేరింది. అప్పుడే ధాత కరువు. నగరం లోపల కూవం, అడయారు నదుల్ని కలిపే 8 కిలోమీటర్లు కరువు పనుల్లో తవ్వించారు. అప్పటి గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ పేరు 1878లో కాలువకు పెట్టారు. ఆ కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌండు (అర కిలో లోపు) ధాన్యం, ఒక అణా అని నిర్ణయించిన కాలం అది. పేరు డ్యూక్‌ది, కాలువ మాత్రం ఆకలితో మట్టి తట్టలు మోసినవాళ్లది. నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా గుండె బరువెక్కుతుంది.

ఇప్పటి పరిస్థితి మాత్రం దాచకుండా చెప్పాలి. నగరంలో ఎలివేటెడ్ రైలు స్తంభాలు కాలువ మధ్యలోనే దిగాయి, స్టేషన్లు కూడా దాని మీదే. అక్కడ పారేది మురుగు. ఆ ముక్కలో పడవ దారి తిరిగి రావడం నాకైతే కనబడడం లేదు. ఉత్తరం నుంచి వచ్చే దారి ఎన్నూరులో ఆగిపోతే నష్టం లేదు, ఓడరేవు అక్కడే ఉంది. దక్షిణాన ముట్టుకాడు నుంచి మరక్కాణం వైపు వేరే ముక్కగా చూసుకోవాలి. నగరం లోపల పని ఒక్కటే, మురుగు ఆపి వాన నీళ్లకు దారి ఇవ్వడం. 2015 డిసెంబర్ వరదల్లో మా ఇంట్లో నడుము లోతు నీళ్లు, అందుకే అంత గట్టిగా చెబుతున్నాను.

ఏలూరు గట్టు మీద ఇల్లు:
నేను ఇంతవరకు చదవడమే, రాయలేదు. మా ఇల్లు కాలువ గట్టు మీదే. మా అమ్మ పెళ్లై వచ్చినప్పటి నుంచి అక్కడే. మీలో ఎవరూ ఆక్రమణలు అనే మాట ఇంకా అనలేదు కానీ ఇలాంటి చర్చ ఎప్పుడూ చివరికి అక్కడికే వస్తుంది. ఒకసారి అందంగా చేస్తామని మా వరసలో పద్దెనిమిది ఇళ్లు తీసేశారు. స్థలం ఇస్తామన్న కాగితం మా పిన్ని ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో దాచుకుని ఉంది, స్థలం రాలేదు. అక్కడ ఇప్పుడు అందం లేదు, ఇళ్లు లేవు, చెత్త పోస్తున్నారు.

కాలువ బాగుపడాలని మాకూ ఉంది. గుర్రపుడెక్క కుళ్లితే ఆ వాసన పీల్చేది మేమే, దోమలు కుట్టేది మమ్మల్నే. గోదావరి నీళ్లూ కృష్ణ నీళ్లూ మా ఏలూరులో కలుస్తాయి, ఇప్పుడు పట్టిసీమ ఎత్తిపోతల పథకం వచ్చాక నదులు కలిశాయని అందరూ అన్నారు గానీ మా కాలువలో ఎప్పుడో కలిశాయి. అది మాకు గర్వమే. కానీ మొదటి పొక్లెయిన్ వచ్చేది మా గుమ్మం ముందుకే అని తెలిస్తే ఎవరు సంతోషిస్తారు?

కాలువగట్టు:
అక్కా, మీరు రాసింది రాత్రి మూడు సార్లు చదివాను. నిజం చెప్పాలంటే నా మనసులో వేసుకున్న పటంలో గట్టు ఖాళీగానే ఉంది, అక్కడ ఇళ్లున్నాయని ఆలోచించలేదు. తప్పు నాది. ఇళ్లున్న చోట ముందు ఇల్లు కట్టి తాళం చేతిలో పెట్టాకే పని, ఈ షరతు లేకుండా నేను ఎక్కడా ఏ అర్జీ మీదా సంతకం పెట్టను. ఇళ్లు లేని పొడవు చాలా ఉంది, అక్కడ మొదలుపెట్టవచ్చు కూడా.

లాకుల దగ్గర:
అమ్మా, ఏలూరు ఊరి మధ్యలో కాలువ వెడల్పు పెంచకుండానే చిన్న పడవలు పోగలవు, గట్టు వెడల్పు కావాలనేది పెద్ద సరుకు పడవల కొలతలతో వేసిన ప్లాన్‌లో. పెద్ద పడవ కొలత పట్టుకున్నప్పుడే భూసేకరణ, వంతెనలన్నీ పడగొట్టి కట్టడం, ఖర్చు ఆకాశానికి పోవడం, పని ఆగడం. నా ఉద్దేశం, కాలువ పాత కొలతే ఉంచుకోవాలి. పడవనే కాలువకు తగ్గట్టు చేసుకోవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే నేనైతే పెదగంజాం అంటాను. మంచినీళ్ల కాలువ, ఉప్పుకాలువ కలిసే చోటు అదే. అటు కొమ్మమూరు చివరి భాగం, ఇటు గుండ్లకమ్మ దాకా ఉప్పుకాలువ. ఈ ఒక్క కీలు కదిలితే రెండు వైపులా పని దానంతటదే అడుగుతుంది. దీనికి ముందు కావలసింది డబ్బు కాదు, లెక్క. ఎన్ని లాకులున్నాయి, ఏ లాకుకు తలుపుల గాడి మిగిలి ఉంది, ఏ వంతెన కింద ఎంత ఖాళీ, ఎక్కడ అడ్డంగా మట్టి పోశారు. ఈ వివరం ఒక్కచోట కూర్చి పెడితే ఎవరి దగ్గరికి వెళ్లినా మాట నిలబడుతుంది.

గ్లాస్గో తెలుగు:
మ్యాప్ పని నాకు ఇవ్వండి. ఫోటో, లొకేషన్ పంపితే చాలు, రాత్రుళ్లు కూర్చుని ఎక్కిస్తాను.

కాలువగట్టు:
సరే అయితే. నేను సంక్రాంతికి నాలుగు రోజులు ఎక్కువ సెలవు పెడుతున్నాను. పెదగంజాం నుంచి గుండ్లకమ్మ వైపు నడుస్తాను, సైకిల్ కూడా ఉంది. పులికాట్ తమ్ముడూ, మీ వైపు మొగ దగ్గర పోటుకూ పాటుకూ ఫోటోలు తీసి పెడతావా?

పులికాట్ రేవు:
తీస్తానన్నా. అమావాస్యకీ పౌర్ణమికీ రెండుసార్లు తీస్తాను, అప్పుడే తేడా బాగా కనబడుతుంది.

పర్చూరు చివరి భూమి:
నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, రాతపూర్వకంగా కావాలన్న మాట అలాగే ఉంది. కానీ మా ఊరి దగ్గర రెండు వంతెనలున్నాయి, వాటి కొలత నేను తీస్తాను, టేపు ఇంట్లో ఉంది. లాకుల సార్, నీళ్ల మట్టం నుంచి వంతెన దూలం అడుగు దాకా కొలవాలా, కాలువ అడుగు నుంచి కొలవాలా?

లాకుల దగ్గర:
రెండూ కావాలండి. ఇప్పుడు నీళ్లున్నాయి కాబట్టి పై కొలత తీయండి, ఆ రోజు మట్టం వంతెన స్తంభం మీద సున్నంతో గీత పెట్టండి. కాలువ కట్టేశాక అడుగు నుంచి ఆ గీతకు ఎంతో చూద్దాం. అప్పుడు నేనూ వస్తాను.